క్వార్టర్‌కు మీరు కట్టే కిరాయి పే స్లిప్‌లో కనబడదు

కాజీపేట రైల్వే క్వార్టర్లలోనైనా, గోదావరిఖని సింగరేణి కాలనీల్లోనైనా, జ్యోతినగర్ ఎన్టీపీసీ టౌన్‌షిప్‌లోనైనా ఒకటే మాట: "క్వార్టర్ ఉన్నది కదా, కిరాయి బాధ లేదు, ఇప్పుడే ఇల్లెందుకు?" హన్మకొండ వైపు వస్తే దీనికి ఎదురు మాట ఉంటుంది: "ఎన్నేళ్లున్నా అది మనదా? ఆ పైసలేవో ఈఎంఐ కడితే ఇల్లన్నా మిగులుతుంది." రెండు మాటలూ సగం లెక్కతోనే ఆగిపోయాయి. మిగతా సగం ఇక్కడ చూద్దాం.

ముందు ఒక గందరగోళం తీర్చాలి. మన దగ్గర సర్కారు మామూలు జనానికి ఇండ్లు కిరాయికి ఇవ్వదు, ఇస్తే సొంతానికే ఇస్తుంది. 560 చదరపు అడుగుల డబుల్ బెడ్‌రూం ఇల్లు లబ్ధిదారుకు ఉచితం. ఇందిరమ్మ ఇల్లు అయితే సొంత జాగలో కట్టుకునేవాళ్లకు నాలుగు విడతల్లో 5 లక్షల సాయం. డబుల్ బెడ్‌రూం ఇంటిని లబ్ధిదారు అమ్మకూడదు, కిరాయికీ ఇవ్వకూడదు. కాబట్టి ఆ ఇండ్లకు టు-లెట్ బోర్డు చూసి, తక్కువకు వస్తుందని దిగితే, తనిఖీ వచ్చిన రోజు మీ చేతిలో చూపించడానికి కాగితం ఉండదు, ఇచ్చిన అడ్వాన్స్ అడగడానికి దారీ ఉండదు. సర్కారు ఇంట్లో కిరాయికి ఉండటమంటే మన జిల్లాల్లో అచ్చంగా క్వార్టరే. అందుకే ఈ లెక్క ఉద్యోగులది.

పే స్లిప్ తీయండి. క్వార్టర్‌లో ఉన్నవాళ్లకు లైసెన్స్ ఫీజు అని ఒక చిన్న కోత ఉంటుంది, నీళ్లకు ఇంకొంత. అన్నీ కలిపినా వందల్లోనే. అదే కిరాయి అనుకుంటారు. అసలు కిరాయి ఆ స్లిప్‌లో లేని లైన్‌లో ఉంది. అదే మీకు రాకుండా పోయిన హెచ్‌ఆర్‌ఏ (ఇంటి అద్దె భత్యం). కేంద్ర ఉద్యోగులకు ఏడో వేతన సంఘం లెక్కలో వరంగల్ వై తరగతి (మధ్య స్థాయి) నగరం, కాజీపేట అందులోకే వస్తుంది. 2024 జనవరి నుంచి వై తరగతికి బేసిక్ మీద 20 శాతం. జీతాల పట్టికలో లెవెల్ 7 మొదటి బేసిక్ 44,900 అయితే హెచ్‌ఆర్‌ఏ 8,980 రూపాయలు. దానికి లైసెన్స్ ఫీజు, నీళ్లు కలిపి ఓ 500 వేసుకుంటే ఆ క్వార్టర్ మీకు నెలకు 9,480 పడుతున్నట్టు.

ఇందులో ఎక్కువమంది గమనించని కిటుకు ఒకటుంది. అదే లెవెల్ 7లో 15 ఇంక్రిమెంట్లు దాటితే బేసిక్ 70,000 అవుతుంది. అప్పుడు పోయే హెచ్‌ఆర్‌ఏ 14,000. క్వార్టర్ మాత్రం అదే, అవే రెండు గదులు, వానొస్తే కారే అదే మూల. మీ ప్రతి ఇంక్రిమెంట్‌కూ దాని కిరాయి పెరుగుతూ వచ్చింది, ఎవరూ నోటీసు ఇవ్వలేదు. 2024 జనవరిలో డీఏ (కరువు భత్యం) 50 శాతానికి చేరి హెచ్‌ఆర్‌ఏ 18 నుంచి 20కి మారినప్పుడు బయట ఉన్నవాళ్లకు జీతం పెరిగింది. 44,900 బేసిక్‌తో క్వార్టర్‌లో ఉన్నాయనకు మాత్రం కిరాయి 898 రూపాయలు పెరిగింది. స్లిప్ మీద అంకె మారకపోవడంతో తెలియలేదంతే.

తిరగేసి చూస్తే, 18,000 బేసిక్‌తో కొత్తగా చేరిన పిల్లలకు పోయే హెచ్‌ఆర్‌ఏ 3,600 మాత్రమే. ఆ పైసలకు కాజీపేటలో ఒక్క గదైనా దొరుకుతుందా? వాళ్లకు క్వార్టర్ దొరికితే కళ్లకద్దుకుని తీసుకోవాలి. అంటే క్వార్టర్ మంచిదా కాదా అన్న ప్రశ్నకు ఒకే జవాబు లేదు, మీ బేసిక్‌ను బట్టి మారుతుంది. సర్వీస్ మొదట్లో అది చవక, చివర్లో ఖరీదు. జనం చేసేది తలకిందులు. చేరగానే "క్వార్టర్లు పాతవి" అని బయట కిరాయికి ఉంటారు, పెద్ద గ్రేడ్ వచ్చాక క్వార్టర్‌లో దిగి రిటైరయ్యేదాకా కదలరు.

రాష్ట్ర ఉద్యోగులకు వరంగల్‌లో 17 శాతం, లెక్క పద్ధతి ఇదే. భార్యాభర్తలిద్దరూ ఉద్యోగులైతే ఇంకోటి చూసుకోవాలి. ఒకరికి ఆ ఊళ్లో ప్రభుత్వ వసతి ఇచ్చి, ఇద్దరూ అందులోనే ఉంటే, కేంద్ర నిబంధనల ప్రకారం రెండో వాళ్లకూ హెచ్‌ఆర్‌ఏ రాదు. అప్పుడు క్వార్టర్ కిరాయి రెండు హెచ్‌ఆర్‌ఏల మొత్తం. ఇది దాచి రెండేళ్లు తీసుకున్నాక ఆడిట్‌లో పడితే రికవరీ ఒకేసారి పెడతారు.

సింగరేణి, ఎన్టీపీసీ వాళ్లకు ఇంకో మెలిక. సర్కారు ఉద్యోగికి క్వార్టర్ మీద ఆదాయపు పన్ను భారం ఉండదు గానీ, సంస్థల ఉద్యోగులకు కంపెనీ ఇచ్చిన ఇల్లు కూడా జీతంలో భాగమే. 2023 సెప్టెంబర్ నుంచి 15 లక్షల లోపు జనాభా ఉన్న ఊళ్లలో జీతంలో 5 శాతం, అందులోంచి మీరు కట్టే కిరాయి తీసేసి, మిగిలింది మీ ఆదాయంలో కలుపుతారు. ఫారం 16లో ఆ అంకె ఎందుకు వచ్చిందో తెలియక చాలామంది తికమక పడతారు, అది క్వార్టర్‌దే.

ఇక కొనే వైపు. 40 లక్షల ఫ్లాట్ అనుకుందాం. రిజిస్ట్రేషన్ ఖర్చు 2021 జూలై నుంచి మన దగ్గర 7.5 శాతం: స్టాంప్ డ్యూటీ 5.5, ట్రాన్స్‌ఫర్ డ్యూటీ 1.5, రిజిస్ట్రేషన్ ఫీజు 0.5. అంటే 3 లక్షలు. ఇల్లు 10 లక్షల లోపుదైతే తప్ప బ్యాంకు ఈ ఖర్చును ఇంటి విలువలో కలపదు, ఇది చేతి నుంచే పోవాలి. 10 లక్షలు సొంతం, 30 లక్షలు లోను. 8.5 శాతం వడ్డీ, 20 ఏళ్లు అయితే ఈఎంఐ 26,035. మొదటి నెల అందులో వడ్డీ 21,250, అసలుకు పోయేది 4,785. అయిదేళ్లు ఒక్క నెల తప్పకుండా కడితే మొత్తం 15 లక్షల 62 వేలు కట్టినట్టు. లోను మాత్రం 30 నుంచి 26 లక్షల 44 వేలకు దిగుతుంది. "కిరాయి కడితే నీళ్లలో పోసినట్టే" అనే పెద్దమనుషులకు ఈ అంకె ఒకసారి చూపించండి. వడ్డీ కూడా కిరాయే, ఇంటికి కాదు పైసలకు.

"ఇల్లు కొంటే ట్యాక్స్ మిగులుతుంది" అనే మాటకు కూడా ఇప్పుడు బలం తగ్గింది. సొంతంగా ఉండే ఇంటి వడ్డీకి 2 లక్షల మినహాయింపు, అసలుకు 80సీ సెక్షన్ మినహాయింపు, రెండూ పాత పన్ను విధానంలోనే. కొత్త విధానంలో ఉన్నవాళ్లకు ఆ లాభం సున్నా.

ఇప్పుడు రెండిటినీ పక్కపక్కన పెడదాం. 44,900 బేసిక్ ఉన్న ఇద్దరున్నారు. ఇద్దరి దగ్గరా 13 లక్షలున్నాయి. మొదటాయన ఫ్లాట్ కొని అందులోకి మారాడు. ఈఎంఐ 26,035 పోతుంది, హెచ్‌ఆర్‌ఏ 8,980 వస్తుంది, నికరంగా నెలకు 17,055 ఖర్చు. రెండో ఆయన క్వార్టర్‌లోనే ఉన్నాడు, ఖర్చు 500. తేడా 16,555ను నెలనెలా రికరింగ్ డిపాజిట్‌లో వేశాడు, 13 లక్షలను ఫిక్స్‌డ్‌లో పెట్టాడు, రెండిటికీ 6.5 శాతం. అయిదేళ్లకు ఫిక్స్‌డ్ 17.9 లక్షలు, రికరింగ్ దాదాపు 11.7 లక్షలు, మొత్తం 29.6 లక్షలు.

మొదటాయన సంగతి ఫ్లాట్ ధర మీద ఆధారపడింది. ఏటా 5 శాతం పెరిగితే ఫ్లాట్ 51 లక్షలు, అప్పు 26.4 పోను చేతిలో 24.6 లక్షల విలువ. క్వార్టర్ ఆయనే 5 లక్షలు ముందున్నాడు. ఏటా 8 శాతం పెరిగితే 58.8 లక్షలు, అప్పు పోను 32.3 లక్షలు, ఇప్పుడు కొన్నాయన ముందు. ఇద్దరూ సమానమయ్యేది 7 శాతం దగ్గర. అదే లెక్క 70,000 బేసిక్‌తో వేస్తే, హెచ్‌ఆర్‌ఏ ఎక్కువ కాబట్టి, అయిదున్నర శాతం దగ్గరే సమానమైపోతుంది. ఇంటి పన్ను, అపార్ట్‌మెంట్ మెయింటెనెన్స్, డిపాజిట్ వడ్డీ మీద పన్ను నేను కలపలేదు. మీ అంకెలతో మీరు వేసుకునేటప్పుడు కలపండి.

ఈ లెక్కలో క్వార్టర్ గెలవాలంటే ఒక షరతుంది. ఆ 16,555 నెలనెలా నిజంగా పక్కకు పోవాలి. జీతం పడిన రెండో రోజునే ఖాతాలోంచి కోసుకునేలా పెడితేనే అది జరుగుతుంది. లేకపోతే అది కారు ఈఎంఐ అవుతుంది, పెండ్లిళ్ల కట్నకానుకలవుతుంది. కొన్నాయనను బ్యాంకు బలవంతంగా పొదుపు చేయిస్తుంది, క్వార్టర్ ఆయనను ఎవరూ అడగరు. నా లెక్కలో ఇల్లు కొనడానికి అన్నిటికంటే గట్టి కారణం ఇదే, ధర పెరుగుదల కాదు.

మూడో దారి కూడా ఉంది. కొని కిరాయికి ఇచ్చి మీరు క్వార్టర్‌లోనే ఉండటం. ఇది లాభమా కాదా తేల్చడానికి ఒక్క పోలిక చాలు: ఫ్లాట్‌కు వచ్చే కిరాయి ఎక్కువా, మీకు పోయే హెచ్‌ఆర్‌ఏ ఎక్కువా? ఫ్లాట్‌కు 11,000 వచ్చి, మీ హెచ్‌ఆర్‌ఏ 8,980 అయితే క్వార్టర్‌లోనే ఉండండి. హెచ్‌ఆర్‌ఏ 14,000 అయితే క్వార్టర్ ఖాళీ చేసి సొంతింట్లోకి పోండి. కిరాయికి ఇచ్చిన ఇంటి వడ్డీని కొత్త పన్ను విధానంలోనూ వచ్చిన కిరాయి మేరకు తీసేసుకోవచ్చు, కాబట్టి ఆ కిరాయి మీద మొదటి ఏళ్లలో పన్ను పడదు. కిరాయికివ్వాల్సింది ఫ్లాటు. కొందరు క్వార్టర్‌ను బయటివాళ్లకు ఇచ్చి తాము ఫ్లాట్‌లో ఉంటారు. అది సబ్‌లెట్, దొరికితే అలాట్‌మెంట్ రద్దు, డ్యామేజ్ రెంట్ (జరిమానా కిరాయి), పైగా శాఖాపరమైన చర్య.

7 శాతం అన్నాం కదా, ఏ జాగకు ఆ పెరుగుదల వస్తుంది? బ్రోకర్ల నోట మాత్రం ప్రతి వెంచర్ ఎయిర్‌పోర్ట్‌కు పది నిమిషాలే. కాజీపేట దగ్గర అయోధ్యాపురంలో రైల్వే తయారీ యూనిట్‌కు 2023 జూలై 8న శంకుస్థాపన జరిగింది, మామునూరు విమానాశ్రయానికి 2025 ఫిబ్రవరిలో కేంద్రం అనుమతి వచ్చింది, గీసుగొండ, సంగెం వైపు మెగా టెక్స్‌టైల్ పార్క్ ఉంది. ఇవన్నీ నిజమే. కానీ ఆ వార్త వచ్చిన రోజే ధరలోకి ఎక్కేసింది. మీరు కొనేది ఆ ధరకే. జాగ అసలు విలువ తెలియాలంటే అమ్మకం ధర అడగొద్దు, అదే వాడలో కిరాయిలు అడగండి. ఏడాది కిరాయిని ధరతో భాగించండి. 40 లక్షల ఫ్లాట్‌కు 11,000 వస్తే ఏడాదికి లక్షా 32 వేలు, అంటే 3.3 శాతం. అది 2 శాతం దగ్గర ఉంటే మిగతాదంతా ఆశ మీద కడుతున్నారు.

వరంగల్‌లో కొనేవాళ్లు ముందు నీళ్ల దారి చూడాలి. కాకతీయుల చెరువుల మధ్య పెరిగిన ఊరు ఇది. 2020 ఆగస్టులో, మళ్లీ 2023 జూలై చివరి వారంలో నయీంనగర్ నాలా, బొందివాగు పొంగి హంటర్ రోడ్డు వైపు కాలనీలు మునిగాయి. ఇల్లు చూడటానికి పోయినప్పుడు హాల్లో టైల్స్ కాదు, మెట్ల కింద గోడ చూడండి. నీళ్లు నిలిచిన ఇంటికి నడుం ఎత్తు దాకా కొత్త రంగు ఉంటుంది, పైన పాతది. లేదా కింద ఒక అడుగు మేర సున్నం పొడిపొడిగా రాలి, ఉప్పు తేలి తెల్లగా కనబడుతుంది. మీటర్ బోర్డు ఛాతీ ఎత్తు కంటే పైకి మార్చి, పాత బోర్డు గుంట సిమెంటుతో పూడ్చి ఉంటే ఎందుకు మార్చారో అడగండి. ఇంటివాళ్లను కాదు, ఎదురింటి కిరాణం కొట్టు ఆయనను. బైకులు ఎక్కడి దాకా మునిగాయో చేయి పెట్టి చూపిస్తాడు.

నిబంధన కూడా తెలుసుకోండి. 10 హెక్టార్లు, ఆపైన ఉన్న చెరువుకు ఎఫ్‌టీఎల్ హద్దు నుంచి 30 మీటర్లు, అంతకంటే చిన్నదానికి 9 మీటర్లు బఫర్, అంటే కట్టకుండా వదలాల్సిన జాగ. 10 మీటర్ల కంటే వెడల్పున్న నాలాకు 9 మీటర్లు, అంతకు తక్కువదానికి 2 మీటర్లు. ఎండాకాలం పోయి చెరువు ఎండిన అంచు నుంచి కొలిస్తే లెక్క తప్పుతుంది. ఎఫ్‌టీఎల్ అంటే నిండు చెరువు గీత. ఆ గీత ఇరిగేషన్ శాఖ మ్యాప్‌లో ఉంటుంది. సర్వే నంబర్ పట్టుకుని కుడా (కాకతీయ పట్టణాభివృద్ధి సంస్థ) మాస్టర్ ప్లాన్‌లో ఏ జోన్ అన్నది కూడా తేల్చుకోవాలి.

కాగితాల సంగతి. ఈసీ (ఆస్తి మీద జరిగిన రిజిస్ట్రేషన్ల పత్రం) ఆన్‌లైన్‌లో 1983 నుంచే వస్తుంది. అంతకు ముందుది కావాలంటే సబ్ రిజిస్ట్రార్ ఆఫీసులో దరఖాస్తు పెట్టి మాన్యువల్‌గా తీయించాలి. బ్రోకర్ చేతిలో పెట్టే ఈసీ ఎప్పుడూ ఆన్‌లైన్‌దే, క్లీన్‌గానే ఉంటుంది. దాన్ని వెనక్కి లాగితేనే అసలు పట్టాదారు ఎవరన్నది తెలుస్తుంది. 1954-55 కాస్రా పహాణీలో (పాత భూమి రికార్డు) ఆ సర్వే నంబర్ ఎవరి పేర ఉంది, సర్కారీ అని ఉందా, ఇనాం అని ఉందా చూడాలి. వరంగల్ ఒకప్పుడు అర్బన్ ల్యాండ్ సీలింగ్ (పట్టణ భూ పరిమితి) చట్టం పరిధిలో ఉన్న ఊరు కనుక మిగులు భూమి ముద్ర ఉందేమో కూడా. 22-ఏ జాబితాలో (రిజిస్ట్రేషన్ నిషేధించిన భూములు) సర్వే నంబర్ కొట్టి చూడటానికి అయిదు నిమిషాలు పడుతుంది, అయినా బయానా ఇచ్చాక చూసేవాళ్లే ఎక్కువ. అసైన్డ్ భూమి (సర్కారు పేదలకు ఇచ్చినది) అయితే 1977 చట్టం ప్రకారం అమ్మకమే చెల్లదు. ఎన్ని చేతులు మారినా, ఎన్ని స్టాంపు కాగితాలు కట్టలు కట్టినా చెల్లదు.

ప్లాట్ అయితే లేఅవుట్ అనుమతి. అనుమతి లేని లేఅవుట్‌లో ప్లాట్‌కు 2020 ఆగస్టు 26 లోపు రిజిస్ట్రేషన్ ఉండి ఎల్‌ఆర్‌ఎస్‌కు (లేఅవుట్ క్రమబద్ధీకరణ) వెయ్యి రూపాయలు కట్టి దరఖాస్తు చేసి ఉంటే సరే. లేకపోతే ఇంటి పర్మిషన్ దగ్గర చిక్కు వస్తుంది. లేఅవుట్‌లో 10 శాతం ఖాళీ జాగ వదలకపోతే ప్లాట్ విలువలో 14 శాతం ఓపెన్ స్పేస్ చార్జి వేరే ఉంటుంది. "ఎల్‌ఆర్‌ఎస్ చిన్న ఫీజే సార్" అంటే ఆ 14 శాతం ఎవరు కడతారో అగ్రిమెంట్‌లో రాయించండి.

ఫ్లాట్ అయితే మూడు చూస్తే చాలావరకు బయటపడతారు. ఒకటి, వాటా జాగ. సేల్ డీడ్‌లో మీకు రాసే గజాలు, మిగతా ఫ్లాట్లకు రాసినవి కూడి చూడండి. మొత్తం జాగ 400 గజాలైతే, పది ఫ్లాట్లకు 40 చొప్పున రాసేశాక పైన పదకొండో పెంట్‌హౌస్‌కు వాటా ఎక్కడిది? అది పర్మిషన్ లేని అంతస్తు. రెండు, మున్సిపాలిటీకి తనఖా పెట్టిన పోర్షన్. నిబంధనలు తప్పకుండా కట్టడానికి బిల్డర్ 10 శాతం భాగాన్ని తనఖా పెడతాడు, ఆక్యుపెన్సీ సర్టిఫికెట్ వచ్చాకే అది విడుదలవుతుంది. మీకు చూపించే ఫ్లాట్ అదేనా కాదా పర్మిషన్ ఆర్డర్ చదివితే తెలుస్తుంది. మూడు, రెరా (రియల్ ఎస్టేట్ నియంత్రణ సంస్థ). 500 చదరపు మీటర్లకు మించిన జాగ లేదా ఎనిమిదికి మించిన ఫ్లాట్లు ఉంటే నమోదు తప్పనిసరి, ధర కార్పెట్ ఏరియా మీద చెప్పాలి. 1,200 చదరపు అడుగులన్నది సూపర్ బిల్టప్ అయితే, టేపు పట్టుకుని గోడ లోపలి నుంచి కొలవండి. మెట్లు, లిఫ్ట్, కారిడార్ వాటా పోను మీరు తిరిగే జాగ ఎంతన్నది అప్పుడు కనబడుతుంది.

జీఎస్టీ: ఆక్యుపెన్సీ సర్టిఫికెట్ వచ్చాక అమ్మే ఫ్లాట్‌కు లేదు. కట్టుబడిలో ఉన్నదానికి 5 శాతం. 45 లక్షల లోపు ధర, 90 చదరపు మీటర్ల లోపు కార్పెట్ ఏరియా అయితే 1 శాతమే. మన ఊళ్లో చాలా ఫ్లాట్లు ఈ రెండో కోవలోకి వస్తాయి, అయినా 5 అడిగేవాళ్లున్నారు.

సగం తెల్లలో, సగం నగదులో అనే బేరం ఉద్యోగులకు అసలే పనికిరాదు. రిజిస్ట్రేషన్ 25 లక్షలకు చేస్తే బ్యాంకు లోను లెక్క 25 మీదే వేస్తుంది. 20,000, అంతకు మించి నగదు చేతులు మారితే తీసుకున్నాయనకు అంతే మొత్తం జరిమానా పడొచ్చు. మీకేమో ఆ నగదు ఎక్కడిదో చెప్పుకోవాల్సిన తిప్పలు. ఉద్యోగి ఇల్లు కొనేముందు శాఖకు తెలియజేయడం కండక్ట్ రూల్స్‌లో ఉన్నదే. రిజిస్ట్రేషన్ తేదీ కంటే ముందు తేదీతో ఆ లేఖ ఉండాలి, తర్వాత కాదు. రిజిస్ట్రేషన్ రోజు మర్చిపోయే చిన్న విషయం కరెంటు మీటర్. ఎన్‌పీడీసీఎల్ సర్వీస్ నంబర్ మీద పాత బకాయి ఉంటే పేరు మార్పు దగ్గర అది మీ మెడకే చుట్టుకుంటుంది.

గోదావరిఖని, మందమర్రి, భూపాలపల్లి వైపు లెక్క వేరు. అక్కడ చాలా ఇండ్లు నోటరీ కాగితాల మీదే చేతులు మారుతుంటాయి, ఎందుకంటే కింద జాగ ఒకప్పుడు కంపెనీది. జీవో 76 కింద క్రమబద్ధీకరణ అయి పట్టా చేతికొచ్చిన ఇల్లు, రానిది పక్కపక్కనే ఉంటాయి, చూడటానికి ఒకేలా ఉంటాయి. పట్టా లేనిదానికి బ్యాంకు లోను ఇవ్వదు. ఇవ్వకపోతే మీ తర్వాత కొనేవాడికీ ఇవ్వదు, అంటే అమ్మాలనుకున్న రోజు నగదు ఉన్నవాడి కోసమే చూడాలి. ఓపెన్‌కాస్ట్ దగ్గరి కాలనీల్లో బ్లాస్టింగ్‌కు గోడలు నెర్రెలిచ్చాయేమో చూడండి. కిటికీ మూల నుంచి ఏటవాలుగా పోయే పగులు పైపూత పగులు కాదు. గని ఉన్నన్నాళ్లే ఊళ్లో కిరాయిలుంటాయన్నది కూడా మరవొద్దు. "కొడుక్కి కారుణ్య నియామకం వస్తే ఇదే క్వార్టర్" అని ధీమాగా ఉండేవాళ్లకు నాదొకటే ప్రశ్న: అతనికి పోస్టింగ్ ఇంకో ఏరియాలో వస్తే?

క్వార్టర్ తీసుకునేవాళ్లకు రెండు జాగ్రత్తలు చాలు. తాళం తీసుకునే రోజు వర్క్స్ ఆఫీసు మనిషితో కలిసి తలుపులు, కుళాయిలు, ఫ్యాన్ల జాబితా రాసి సంతకం పెట్టించండి. కరెంటు మీటర్ రీడింగ్ ఫోటో తీయండి. ఖాళీ చేసే రోజు పాతాయన పగులగొట్టిన బేసిన్ మీ ఖాతాలో పడకుండా ఉంటుంది. రెండోది, అందులో సొంత పైసలు పోయొద్దు. 60 వేలు పెట్టి టైల్స్, గ్రానైట్ గట్టు వేయించి అయిదేళ్లుంటే నెలకు వెయ్యి కిరాయి మీ అంతట మీరు పెంచుకున్నట్టే, పోయేటప్పుడు పీక్కుపోలేరు. పాత క్వార్టర్ల వైరింగ్ ఫ్యాన్లు, లైట్ల లోడుకు వేసింది. ఏసీ, గీజర్ దాని మీదే పెడితే స్విచ్ బోర్డు వెనక తీగ పొర కరిగిన వాసన వచ్చేదాకా ఎవరికీ తెలియదు.

చివరికి వచ్చేది రిటైర్మెంట్ తేదీ. చాలామంది అన్నీ లెక్కేసి దీన్ని వదిలేస్తారు. రైల్వేలో రిటైరయ్యాక నాలుగు నెలలు మామూలు కిరాయికి, తర్వాత నాలుగు నెలలు రెట్టింపు కిరాయికి క్వార్టర్ ఉంచుకోవచ్చు. ఆ తర్వాత డ్యామేజ్ రెంట్, గ్రాట్యుటీలో పైసల నిలుపుదల, అనధికారంగా ఉన్న ప్రతి నెలకు ఒక సెట్ ఉచిత రైలు పాసు కోత. అంటే మీకు గట్టిగా ఎనిమిది నెలలు. ప్లాట్‌లో కొత్తగా ఇల్లు కట్టాలంటే పర్మిషన్, పునాది, స్లాబ్, వానాకాలం, మేస్త్రీ కోసం ఎదురుచూపు కలిపి ఏడాది పడుతుంది, చాలాసార్లు ఇంకా ఎక్కువ. రేగడి నేల అయితే పునాది ఎక్కువ లోతుకు పోవాలి, ప్లింత్ బీమ్ తప్పదు. అక్కడే ఖర్చూ టైమూ రెండూ తింటుంది.

కాబట్టి వెనక నుంచి లెక్క పెట్టండి. రిటైర్మెంట్‌కు రెండేళ్ల ముందు పునాది, మూడేళ్ల ముందు ప్లాట్ కాగితాల తనిఖీ మొదలవ్వాలి. హౌస్ బిల్డింగ్ అడ్వాన్స్ తీసుకునేవాళ్లు ఇంకా ముందు కదలాలి. కేంద్ర ఉద్యోగులకు 34 నెలల బేసిక్ లేదా 25 లక్షలు, ఏది తక్కువైతే అది. దాని వడ్డీ సాధారణ వడ్డీ, ముందు అసలు 180 వాయిదాల్లో, తర్వాత వడ్డీ 60 వాయిదాల్లో కోస్తారు. 20 ఏళ్ల సర్వీస్ మిగిలి ఉన్నప్పుడు తీసుకుంటే నెలకు పెద్దగా తెలియదు. ఆరేళ్లే ఉంటే కోత జీతాన్ని మింగేస్తుంది. దానికి అర్హత 5 ఏళ్ల సర్వీస్‌తోనే వస్తుంది. అంటే హెచ్‌ఆర్‌ఏ తక్కువగా, క్వార్టర్ చవగ్గా ఉన్న రోజుల్లోనే ఆ ఫారం నింపే వీలుంది.

క్వార్టర్ ఖాళీ చేసే రోజు తాళం చెవులు పక్కింటాయనకు ఇచ్చి పోవద్దు. వర్క్స్ ఆఫీసులో ఇచ్చి, తేదీ వేసిన వెకేషన్ మెమో తీసుకోండి. మీకు హెచ్‌ఆర్‌ఏ మళ్లీ మొదలయ్యేది, లేదా గ్రాట్యుటీ కదిలేది ఆ కాగితం మీది తేదీ నుంచే, సామాను లారీ ఎక్కించిన రోజు నుంచి కాదు.